అరవై రోజుల గడువు

చోడవరం స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడికి నాలుగు వీధుల అవతల మా మేనకోడలి అత్తవారిల్లు. ఆ ఇంట్లో పుట్టిన పిల్లవాడికి మూడో రోజున పచ్చకామెర్లు కనిపించాయి. పుట్టిన పిల్లల్లో సగం మందికి పైగా వచ్చేవే గనక ఎవరూ కంగారు పడలేదు. పొద్దుటి ఎండలో పెట్టమన్నారు, పెట్టారు. రెండు వారాలైనా తగ్గలేదు. ఆర్‌ఎంపీ డాక్టరు చుక్కల మందు రాసిచ్చాడు. నెల దాటాక మాడుగుల వైపు ఎవరో పసరు పోస్తారంటే ఆదివారం పూట తీసుకెళ్లి పోయించుకొచ్చారు. పిల్లవాడు పాలు తాగుతున్నాడు, పలకరిస్తే నవ్వుతున్నాడు, బరువూ పెరుగుతున్నాడు. ఒళ్లంతా పసుపు రాసినట్టుంది, అంతే.

యాభై ఆరో రోజున విశాఖలో ఒక కుర్ర డాక్టరు దగ్గరికి చేరారు. పిల్లల వైద్యంలో ఎండీ చేసి, ఆపైన లక్నోలో మూడేళ్లు పిల్లల గ్యాస్ట్రో చదివొచ్చినవాడు. స్టెతస్కోపు మెడలోంచి తీయకముందే ఆయన అడిగిన మాట ఇది: "దొడ్డికి ఏ రంగులో వెళ్తున్నాడమ్మా?"

జవాబు నాయనమ్మ చెప్పింది. "తెల్లగానే వెళ్తన్నాడు బాబూ. పాలు తాగే బిడ్డకి తెల్లగా కాక ఎలా వెళ్తాది?"

ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. సంచిలో మడిచిపెట్టిన తడిగుడ్డ తీయించి, కిటికీ వెలుతురులోకి పట్టుకెళ్లి చూశాడు. గోడకు పూసే పుట్టీ రంగు. కాలేయం నుంచి పేగులోకి పైత్యరసం దిగితేనే మలానికి పసుపో ఆకుపచ్చో రంగు వస్తుంది, తాగేది పాలైనా సరే. రంగు లేదంటే దారి మూసుకుపోయిందన్నమాట. ఆ సాయంత్రానికి రక్తపరీక్ష, స్కాను అయ్యాయి. అరవై ఒకటో రోజున ఆపరేషను జరిగింది. పిల్లవాడు ఇప్పుడు అంగన్‌వాడీకి వెళ్తున్నాడు.

యాభై ఆరు రోజుల్లో ఎవరూ అడగని ప్రశ్నను ఆ కుర్రాడు మొదటి నిమిషంలో అడిగాడు. అది నేర్పిన చదువు ఎక్కడ దొరుకుతోంది, ఎవరు చదువుతున్నారు, చదివినవాళ్లు చివరికి ఎక్కడ తేలుతున్నారు, అది చోడవరం లాంటి ఊరిదాకా రావాలంటే ఏం కావాలి అన్నవి ఆ రోజు నుంచీ నన్ను వెంటాడుతున్న సంగతులు.

ముందు పేరు గురించి. పీడియాట్రిక్ గ్యాస్ట్రోఎంటరాలజీ అంటే నోరు తిరగదు గనక 'పిల్లల గ్యాస్ట్రో' అంటున్నారు. దీంతో ఒక చిక్కుంది. మన ఇళ్లలో గ్యాస్ట్రో అంటే గ్యాస్ ట్రబుల్. శనగపిండి పడకపోవడానికీ తేన్పులకీ మూడేళ్ల ప్రత్యేక చదువెందుకని నన్ను నిలదీసిన పెద్దమనిషి ఉన్నాడు. నిజానికి ఈ వైద్యుడి ఇలాకా చాలా పెద్దది. నోటి నుంచి మలద్వారం దాకా ఉన్న గొట్టమంతా, దానికి తోడు కాలేయం, క్లోమం, పైత్యనాళాలు, వీటిమీద ఆధారపడ్డ తిండీ ఎదుగుదలా అన్నీ ఆయనవే. ఇక 'ఫెలో' అన్న మాట మా తరానికి బడిలో మేష్టారి నోట 'యూజ్‌లెస్ ఫెలో'గానే పరిచయం. వైద్యంలో మాత్రం ఒక శాఖలో పీజీ పూర్తిచేసి, దానిలోని మరింత సన్నటి శాఖను పెద్ద డాక్టర్ల వెంట తిరుగుతూ నేర్చుకునేవాణ్ని ఫెలో అంటారు. అమెరికాలో అదే పేరు. మన దగ్గర ఎండీ తర్వాతి డిగ్రీ అయిన డీఎం చేస్తే డీఎం రెసిడెంట్ అంటారు, ఏడాది రెండేళ్ల కోర్సు చేస్తే ఫెలో అంటారు. పని ఒకటే.

ఈ శాఖ మన దేశంలో ఎక్కడ మొదలైందని అడిగితే నేను ఆసుపత్రి పేరు చెప్పను, వంటింటి పేరు చెబుతాను.

పాత తెలుగు పత్రికలు తిరగేసినవాళ్లకు జమ్మి వెంకటరమణయ్య వారి లివర్ క్యూర్ ప్రకటన గుర్తుంటుంది. పసిపిల్లలకు కాలేయం గట్టిపడి, పొట్ట ఉబ్బి, నెలల్లో ప్రాణం తీసే జబ్బొకటి ఉండేది. దానికి మద్రాసు మైలాపూరు నుంచి ఆ మందు తెప్పించుకోని మధ్యతరగతి ఇల్లు అరుదు. వైద్యులు ఆ జబ్బుకు 'ఇండియన్ చైల్డ్‌హుడ్ సిరోసిస్' అని దేశం పేరే పెట్టేశారు. 1887లో కలకత్తాలో మొదటిసారి దాని గురించి రాశారు. తర్వాత దాదాపు వందేళ్లు అది వంశపారంపర్యమా, వైరస్సా, తల్లి పాల దోషమా అని తర్కించుకున్నారు. 1980లలో పుణెలో షీలా భావే, ఆనంద్ పండిట్, ఇంగ్లండు నుంచి వచ్చిన స్టువర్ట్ టానర్ కలిసి ఆ ఇళ్ల వంటగదుల్లోకి వెళ్లి చూశారు. పిల్లలకు పట్టే పశువుల పాలను కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో కాచి, వాటిలోనే నిల్వ ఉంచుతున్నారు. పాలల్లోని మాంసకృత్తులు రాగిని పట్టుకుంటాయి. ఆ రాగి పసివాళ్ల కాలేయంలో పేరుకుంటుంది. గిన్నె మార్చమన్నారు. స్టీలు గిన్నెలు కూడా అప్పటికే ఇళ్లలో నిండుతున్నాయి. పదిహేనేళ్లు గడిచేసరికి ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. వీధిలో 'కళాయి పూస్తాం' అంటూ తిరిగిన మనిషి ఎన్ని కాలేయాలు కాపాడాడో ఎవరు లెక్కపెట్టారు!

రెండో కథ మరీ చోడవరానిది. గోవాడ సహకార చక్కెర ఫ్యాక్టరీ గానుగ ఆడినన్నాళ్లూ ఊళ్లో గాలి కూడా తీపిగా ఉండేది. ఆ పంచదారే వాంతులు విరేచనాలతో సోలిపోయిన పిల్లవాణ్ని బతికించే మందులో సగం. పేగు గోడలో ఉప్పును లోపలికి లాక్కునే ద్వారాలు చాలా ఉన్నాయి. విరేచనాల జబ్బులో అవి ఒక్కొక్కటే మొరాయిస్తాయి. ఒక్క ద్వారం మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. ఉప్పూ గ్లూకోజూ జంటగా వస్తేనే ఆ తలుపు తెరుచుకుంటుంది, వెనకాలే నీళ్లను లాగేస్తుంది. ఈ జంటతలుపు సంగతి 1960లో రాబర్ట్ క్రేన్ చెప్పాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బోన్‌గావ్‌లో, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు దిలీప్ మహలనబిస్ అనే పిల్లల డాక్టరు దాన్ని నమ్ముకున్నాడు. ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపి డ్రమ్ముల్లో పోసి తల్లుల చేతికే గ్లాసులిచ్చాడు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. ప్రభుత్వం 2023లో, ఆయన పోయాక, పద్మవిభూషణ్ ఇచ్చింది.

ఆ ఉప్పూ గ్లూకోజూ కలయికే ఇప్పుడు మనం కొనే ఓఆర్‌ఎస్ పొట్లం. దాని కథ ఇంకా ముగియలేదు. మందుల షాపుల్లో ఓఆర్‌ఎస్ అని రాసి తియ్యటి పానీయాలు అమ్ముతున్నారని, వాటిలో పంచదార మోతాదు మించి ఉందని, అవి తాగిన పిల్లలకు విరేచనాలు పెరుగుతాయని హైదరాబాదులో శివరంజని సంతోష్ అనే పిల్లల వైద్యురాలు ఏళ్ల తరబడి ఒంటరిగా పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. చోడవరం ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గరి షాపులో మీకు అంటగట్టేది అట్ట పెట్టెలో వచ్చే పళ్లరసమా, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన పొట్లమా అన్నది తేల్చుకోవలసినవాళ్లం మనమే.

మూడోది మహారాజ్ కిషన్ భాన్ కథ. ఢిల్లీ ఎయిమ్స్‌లో పిల్లల గ్యాస్ట్రో డాక్టరాయన. 1985-86లో ఆ ఆసుపత్రి నవజాత శిశువుల వార్డులో కొందరి మలంలో రోటావైరస్ కనిపించింది. విచిత్రంగా ఆ పిల్లలకు విరేచనాలు కాలేదు, పైగా తర్వాత కూడా రోటావైరస్ వాళ్లను గట్టిగా పట్టుకోలేదు. ఆ మెత్తటి వైరస్‌కు 116ఇ అని పేరు పెట్టుకుని, దాన్నే టీకా చేయవచ్చని ఆయనా సహచరులూ పట్టుబట్టారు. దాన్ని టీకాగా మార్చింది హైదరాబాదులో కృష్ణ ఎల్లా స్థాపించిన భారత్ బయోటెక్. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పిల్లల మీద పరీక్షించారు. మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను సగానికి పైగా తగ్గించింది. 2016లో ప్రభుత్వ టీకాల జాబితాలో చేరినప్పుడు మొదటగా వేసిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇప్పుడు చోడవరంలో ఏఎన్‌ఎం ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం బిడ్డ నోట్లో చుక్కలు వేస్తోందంటే దాని వెనక ఒక పిల్లల గ్యాస్ట్రో డాక్టరు మలపరీక్ష ఉంది.

ఈ మూడింటిలోనూ ఎండోస్కోపీ గొట్టం లేదని గమనించండి. గిన్నె, గ్లాసు, గుడ్డ ఉన్నాయి. ఈ శాఖలో ఎక్కువ మంది పిల్లల్ని బతికించిన పనులు ఇవి. ఇక ఇప్పుడు ఈ చదువు ఎలా సాగుతోందో చూద్దాం.

ఇంటర్ అయ్యాక ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, పిల్లల వైద్యంలో ఎండీ మూడేళ్లు, తర్వాత నీట్ సూపర్ స్పెషాలిటీ పరీక్ష రాసి డీఎం మరో మూడేళ్లు. మధ్యలో కోచింగుకు పోయే ఏడాదీ, బాండు కింద సర్కారు కొలువులో గడిపే ఏడాదీ లెక్కలోకి రావు. ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్లకు గానీ ఒక మనిషి తయారుకాడు. దేశం మొత్తానికీ సీట్లు కొద్ది. ఈ శాఖ గట్టిగా పాతుకున్నదంతా ఉత్తరాదిలోనే. లక్నో సంజయ్ గాంధీ పీజీఐలో ఎస్.కె. యాచ్చా పెంచి పెద్దచేసిన విభాగం, చండీగఢ్ పీజీఐ, ఢిల్లీ ఎయిమ్స్, కాలేయం ఒక్కదానికే అంకితమైన ఢిల్లీ ఐఎల్‌బీఎస్ అందులో ముఖ్యమైనవి. డీఎం సీటు రానివాళ్లు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో ఏడాది రెండేళ్ల ఫెలోషిప్పులు చేస్తారు. వాటిలో కొన్ని మంచివి, కొన్ని చౌకగా దొరికే డ్యూటీ డాక్టరు కోసం పెట్టినవి. చేరబోయే పిల్లలు అడగాల్సిన ప్రశ్న ఒకటే. గొట్టం నా చేతికి ఇస్తారా, పక్కన నిలబడి చూడమంటారా?

గొట్టం చేతికి రావడం చిన్న విషయం కాదు. నెలల పిల్లలకు వాడే ఎండోస్కోపు మామూలు పెన్సిలు కంటే సన్నం. ఎడమచేతి బొటనవేలు చక్రాలు తిప్పుతుంటే కుడిచెయ్యి గొట్టాన్ని తోస్తుంటుంది, కన్ను తెర మీదే ఉంటుంది. లోపల గోడలు కనిపించాలంటే గాలి ఊదాలి. పసివాళ్ల పొట్ట ఎంతని! కాస్త ఎక్కువ ఊదితే ఉబ్బి ఊపిరితిత్తుల్ని పైకి తోసేస్తుంది. తల దగ్గర నిలబడ్డ మత్తు డాక్టరు కళ్లు పెద్దవి చేస్తుంది. కొత్త ఫెలో మొదటి ఆరు నెలలూ నేర్చుకునేది ముందుకు తోయడం కాదు, ఆగడం. ఉత్తర అమెరికా పిల్లల గ్యాస్ట్రో వైద్యుల సంఘం 2013లో పెట్టిన కొలమానం ప్రకారం శిక్షణ ముగిసేలోగా పైనుంచి చేసే ఎండోస్కోపీలు కనీసం 100, కింది నుంచి చేసే కొలనోస్కోపీలు 120 చేసుండాలి. మన దగ్గర పెద్ద ఆసుపత్రుల్లో రద్దీ మూలంగా ఆ అంకె త్వరగానే దాటిపోతారు. నూరోసారి గొట్టం పెట్టినవాడు అసలు పెట్టాలా వద్దా అన్నది నేర్చుకున్నాడా అన్నది అంకెల్లో తేలదు.

రాత్రి డ్యూటీలే అసలు బడి. ఆడుకుంటున్న ఆరేళ్లవాడు ఉన్నట్టుండి గిన్నెడు రక్తం కక్కుకుంటాడు. ఇంట్లోవాళ్లు చేతబడి అనుకుంటారు. కాలేయానికి రక్తం తీసుకెళ్లే పెద్దసిర ఎప్పుడో పసితనంలో మూసుకుపోవడం వల్ల అన్నవాహికలో ఉబ్బిన సిరలు చిట్లడం దానికి కారణం. మన దేశపు పిల్లల్లో రక్తపు వాంతికి ఉన్న పెద్ద కారణాల్లో ఇది ఒకటి. ఫెలో అర్ధరాత్రి ఆ సిరలకు చిన్న రబ్బరు బ్యాండ్లు వేసి కడతాడు. మరో రాత్రి రెండేళ్ల పిల్ల రూపాయి బిళ్ల మింగిందంటారు. ఎక్స్‌రేలో గుండ్రటి అంచు ఒకటి కాక, లోపల మరో వలయం కనిపిస్తే అది బిళ్ల కాదు, బొమ్మల్లోనూ రిమోట్లలోనూ ఉండే బటన్ బ్యాటరీ. అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే గోడ కాలడం మొదలవుతుంది. చోడవరం నుంచి సబ్బవరం, పెందుర్తి మీదుగా విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు సుమారు యాభై కిలోమీటర్లు. కారు దొరికి, దారి ఖాళీగా ఉంటే గంటన్నర. మిగిలేది అరగంట.

అయితే ఇవన్నీ చూసి ఫెలో జీవితమంతా ఇలాంటి సాహసాలే అనుకోకండి. ఓపీలో రోజులో పెద్ద భాగం మలబద్ధకానికే పోతుంది. సీసా పాలు, బిస్కెట్లు, బడిలో మరుగుదొడ్డికి వెళ్లనివ్వకపోవడం, ఒకసారి నొప్పి పుట్టాక పిల్లవాడు బిగపట్టుకోవడం దానికి కారణాలు. దానికి మందుకన్నా ఎక్కువ కావలసింది తల్లికి పావుగంట సేపు బొమ్మ గీసి చెప్పే ఓపిక. ఆ ఓపికకు ఏ పరీక్షలోనూ మార్కులు లేవు.

చదివిన ఊరు కూడా చదువును మలుస్తుంది. లక్నోలోనో చండీగఢ్‌లోనో ఫెలోకు సీలియాక్ జబ్బు రోజూ ఎదురవుతుంది. గోధుమలోని గ్లూటెన్ పడక పేగు గోడ అరిగిపోయే జబ్బది. 2016లో వెలువడిన ఒక పెద్ద సర్వేలో ఉత్తరాదిన నూటికి 1.23 మందిలో, దక్షిణాదిన 0.10 మందిలోనే దాన్ని సూచించే యాంటీబాడీలు కనిపించాయి. జన్యువుల్లో పెద్ద తేడా లేదు, తేడా అంతా కంచంలో ఉంది. వాళ్లది రొట్టె, మనది అన్నం. అక్కడ ప్రతి పీల పిల్లవాడిలోనూ సీలియాక్ వెతకడం అలవాటైన మనిషి విశాఖ వచ్చి అదే వెతుకుతూ కూచుంటే ఇక్కడి జబ్బులు తప్పిపోతాయి. ఇక్కడ మొదట అడగాల్సింది మరొకటి: "మేనరికమా అమ్మా?" మేనమామ బిడ్డనో మేనత్త కొడుకునో చేసుకున్న ఇళ్లలో తల్లీతండ్రీ ఇద్దరూ ఒకే లోపమున్న జన్యువు మోస్తూ ఉండే అవకాశం ఎక్కువ. శరీరం రాగిని బయటికి పంపలేని విల్సన్ వ్యాధి, రకరకాల జీవక్రియ లోపాలు అలా వస్తాయి. చూశారా, గిన్నెలోంచి పోయిన రాగి రక్తసంబంధంలోంచి మళ్లీ వచ్చింది. తెలుగు ఫెలో తెలుగు నేల మీద చదవాలని నేననేది భాషాభిమానంతో కాదు, ఇందుకు.

తెలుగు డాక్టర్లలో చాలామంది మరో దారిన పోయారు. అమెరికా వెళ్లి పరీక్షలు రాసి, మూడేళ్లు పిల్లల వైద్యంలో రెసిడెన్సీ, మళ్లీ మూడేళ్లు గ్యాస్ట్రో ఫెలోషిప్ చేస్తారు. అక్కడి బోర్డు ఈ శాఖకు విడిగా పరీక్ష పెట్టడం 1990లో మొదలైంది. ఆ మూడేళ్లలో మొదటిది రోగుల మధ్య, తర్వాతి రెండింటిలో పెద్ద భాగం పరిశోధనకు. మన డీఎంలో లేనిది ఈ తీరికే. ఒక గుడ్డ మీద మరకను చూసి 'ఎందుకిలా' అని రెండేళ్లు ఆలోచించడానికి జీతమిచ్చే ఏర్పాటు అది. భాన్‌కు అలాంటి తీరిక దొరికింది గనకే టీకా వచ్చింది. దాన్ని మనం తెచ్చుకోవాలి.

అమెరికా దగ్గర మరో సంగతి ఉంది, అది నన్ను ఎప్పుడూ గుచ్చుతుంది. జె-1 వీసా మీద చదివిన విదేశీ డాక్టరు రెండేళ్లు స్వదేశానికి తిరిగి వెళ్లాలి. వెళ్లకుండా ఉండాలంటే డాక్టర్లు కరువైన చోట మూడేళ్లు పనిచేయాలి. 1994లో కాన్రాడ్ అనే సెనేటరు పెట్టించిన ఏర్పాటిది. ఒక్కో రాష్ట్రానికి ఏటా ముప్పై మంది. అంటే చోడవరం కుర్రాడు అమెరికాలో ఏ మొక్కజొన్న పొలాల మధ్యనో ఉన్న చిన్న ఊళ్లో మూడేళ్లు పిల్లల పొట్టలు చూడాల్సిందే, చట్టం అలా ఉంది. మాడుగులకో పాడేరుకో నెలకొకసారి వెళ్లమనే చట్టం మాత్రం ఇక్కడ ఎవరికీ గుర్తురాదు. ఆ కుర్రాణ్ని నేను తప్పుపట్టను. పిలిచినవాళ్ల దగ్గరికి పోయాడు.

తిరిగి వచ్చినవాళ్లు ఏం చేయగలరో పెద్దల గ్యాస్ట్రో చూపించింది. విశాఖలో పుట్టిన డి. నాగేశ్వర్‌రెడ్డి చండీగఢ్ పీజీఐలో డీఎం చేసి వచ్చి హైదరాబాదులో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ పెట్టారు. 2025లో పద్మవిభూషణ్ అందుకున్నారు. అక్కడ చేయి తిరిగినవాళ్లు తెలుగు పట్టణాలన్నిటా కనిపిస్తారు. పెద్దల గ్యాస్ట్రో డాక్టరు దొరకని జిల్లా కేంద్రం ఇప్పుడు అరుదు. పిల్లల విషయంలో అలాంటి గొలుసు ఏర్పడలేదు. రెయిన్‌బో ఆసుపత్రుల వ్యవస్థాపకుడు రమేశ్ కంచర్ల స్వయంగా ఈ శాఖలో శిక్షణ పొందిన డాక్టరే. హైదరాబాదు, విశాఖల్లో ప్రైవేటు రంగంలో మంచి వైద్యం ఉంది. కాలేయ మార్పిడి కూడా మన దగ్గరికి వచ్చేసింది. 1998 నవంబరులో ఢిల్లీలో పిల్లల్లో దేశంలోని మొదటి విజయవంతమైన కాలేయ మార్పిడి జరిగింది కాంచీపురం పసివాడికి, పైత్యనాళాలు లేక, తండ్రి ఇచ్చిన ముక్కతో. ఆ పిల్లవాడు పెరిగి డాక్టరయ్యాడు. 2024లో హైదరాబాదు ఉస్మానియా సర్కారు ఆసుపత్రిలో మూడేళ్లవాడికి తల్లి కాలేయంలో ముక్క అమర్చారు. ఇవి గొప్ప పనులే. కానీ మార్పిడి దాకా వచ్చిన పిల్లల్లో కొందరు రాకుండా ఉండగలిగినవాళ్లు.

మా మేనకోడలి కొడుక్కి వచ్చిన జబ్బు బిలియరీ అట్రీషియా. పది, పదిహేను వేల కాన్పుల్లో ఒకరికి వస్తుంది. కాలేయం నుంచి పేగుకు పోయే నాళాలు మూసుకుపోతాయి. జపానులో సెండాయ్ నగరంలో మోరియో కసాయ్ అనే సర్జను 1950లలో దీనికి ఉపాయం కనిపెట్టాడు. మూసుకుపోయిన నాళాలను తీసేసి, పేగులో ఒక ముక్కను పైకి లాగి నేరుగా కాలేయం అడుగున కుట్టేస్తే పైత్యరసం దారి చేసుకుని దిగుతుంది. రెండు నెలల లోపు చేస్తే ఫలితం బాగుంటుంది. ఆలస్యమైన కొద్దీ కాలేయం గట్టిపడిపోయి, ఇక మార్పిడే గతి. తైవాను దీనికి చేసిన పని ఖరీదైనది కాదు. 2004 నుంచి పుట్టిన ప్రతి బిడ్డ ఆరోగ్య పుస్తకంలో మలం రంగుల బొమ్మలు అచ్చువేసి, ఏ రంగులు మంచివో, ఏ రంగు కనిపిస్తే పరుగెత్తాలో చూపించారు. పిల్లలు సకాలంలో ఆపరేషనుకు రావడం పెరిగింది. మన దేశంలో 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో వెతకమన్న 30 రుగ్మతల జాబితాలో గ్రహణమొర్రి ఉంది, వంకర పాదం ఉంది, పుట్టుకతో వచ్చే శుక్లం ఉంది. ఇది లేదు.

ఇక చోడవరం. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా విడిపోయే దాకా ఇది విశాఖ జిల్లా. ఇప్పటికీ పెద్ద జబ్బు అంటే ఊళ్లో అందరి నోటా వచ్చేది విశాఖే, అందులోనూ 1923లో కట్టిన కేజీహెచ్. మాడుగుల నుంచి, ఘాట్ దిగి పాడేరు నుంచి వచ్చే పిల్లలు కూడా ఈ దారినే పోతారు. ఇక్కడ ఒక పిల్లల గ్యాస్ట్రో డాక్టరును కూచోబెట్టమని నేను అడగను. ఏడాదికి ఒకటో రెండో పెద్ద కేసులు చూసి, మిగతా రోజులు జలుబులకు మందు రాస్తూ ఆయన చదువు తుప్పు పడుతుంది. నిపుణుడు నగరంలోనే ఉండాలనేవాళ్ల వాదనలో పస ఉంది. సీట్లు పెంచగానే డాక్టర్లు ఊళ్లకొస్తారన్నదీ నేను నమ్మను. పిల్లల ఉప శాఖల్లో ఎక్కువ సంపాదన లేదని సీట్లు వదులుకునేవాళ్లూ ఉన్నారు.

నేనడిగేది వేరు. కేజీహెచ్‌తో కలిసి నడిచే ఆంధ్ర వైద్య కళాశాలకు పెద్దల గ్యాస్ట్రో విభాగం ఉంది, పిల్లల విభాగం ఉంది, పిల్లల సర్జన్లున్నారు, వందేళ్ల అనుభవం ఉంది. పిల్లల గ్యాస్ట్రో శిక్షణకు ఇంతకన్నా అనువైన నేల మరొకటి లేదు. అక్కడ శిక్షణ మొదలుపెట్టి, ఫెలో పని పట్టికలో నెలకు రెండు రోజులు చోడవరం, ఒక రోజు పాడేరు రాయాలి. పాడేరులో 2024లో సర్కారు వైద్య కళాశాల కూడా మొదలైంది గనక దిగడానికి చోటుంది. ఆ రోజుల్లో ఫెలో చేయాల్సింది ఎండోస్కోపీ కాదు. ఏఎన్‌ఎంలనూ ఆశా కార్యకర్తలనూ కూర్చోబెట్టి రంగులు చూపించాలి. ఓఆర్‌ఎస్ పొట్లం విప్పి కలపించాలి. ఆర్‌ఎంపీలను కూడా పిలవాలి, మొహమాటం అక్కర్లేదు, ఊళ్లో మొదట బిడ్డను చూసేది వాళ్లే. పసరు పోసే ఆయన్ని పిలిచినా నాకు అభ్యంతరం లేదు. కామెర్ల బిడ్డ ఎవరి గుమ్మం తొక్కినా ఆ మనిషికి రంగు తెలిసుండాలి. ఫెలో నేర్చుకోవాల్సిందీ ఉంది. తల్లి మాట వినడం, 'పలచగా' అంటే ఎంత పలచనో, 'వేడి చేసింది' అంటే ఏమిటో ఇక్కడే తెలుస్తుంది. డీఎం పరీక్షలో నూరు ఎండోస్కోపీల లెక్క పక్కన, ఎన్ని ఊళ్ల నుంచి ఎన్నో రోజున బిడ్డలు వచ్చారన్న లెక్క కూడా అడగాలి. ఏటికేడూ ఆ రోజులు తగ్గితే ఆ శిక్షణ పాసైనట్టు.

ఇదంతా జరిగేదాకా ఒక చిన్న పని. వైద్య ఆరోగ్య శాఖవారు తల్లీబిడ్డల కార్డులో రంగుల పట్టీ ఒకటి అచ్చువేస్తే చాలు, అరపేజీ చోటు. అప్పటిదాకా మీ వీధిలో రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గని పసిబిడ్డ ఉంటే, పలకరించే నెపంతో వెళ్లి దొడ్డి ఏ రంగో అడగండి. సున్నంలా, పిండిలా, పుట్టీలా అని వినబడితే ఎండలో పెట్టమనకండి, పసరు మాట ఎత్తకండి. డైరెక్ట్ బిలిరుబిన్ అనే రక్తపరీక్ష చేయించి, ఆ కాగితమూ ఆ గుడ్డా రెండూ సంచిలో పెట్టించి, ఆ పూటే విశాఖ బస్సెక్కించండి.